పక్షులు వదిలిన బాట

పోయిన వారం మనం హెప్సీని పొగమంచులో, పాత లైట్‌హౌస్ వాకిట్లో, తాడుకు వేలాడుతున్న ఎండుచేపల ముందు నిలబెట్టి వచ్చేశాం. ఏడు రోజులు అలా నిలబడినందుకు ఆవిడకు మన మీద కోపం వచ్చినా తప్పులేదు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పుకుని, తిన్నగా ఆవిడ దగ్గరికే పోదాం.

హెప్సీది నిజాంపట్నం. అబూధాబీలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక క్లినిక్కులో నర్సు. ఆమె అన్న రత్నబాబు రెండేళ్ల కిందట ఈ ఉమ్ అల్ తుయూర్ దీవికి లైట్‌హౌస్ మరమ్మతు పనికి వచ్చాడు. పని ముగించుకుని కూలీలంతా తిరిగి వెళుతుంటే పడవ బోల్తా పడింది. తక్కినవాళ్లు ప్రాణాలతో దొరికారు. రత్నబాబు మాత్రం దొరకలేదు. కొన్నాళ్లు వెదికి, కొన్నాళ్లు ఎదురుచూసి, చివరికి అతను చనిపోయినట్టు కాగితం ఇచ్చారు. ఊళ్లో ఖాళీ పెట్టె పాతి సమాధి కట్టారు. ఆ పెట్టె మీద మొదటి గుప్పెడు మట్టి వేసింది హెప్సీయే.

రత్నబాబు భార్య మరియకుమారికి ఇంకా ముప్ఫై నిండలేదు. ఆ పిల్ల జీవితం అక్కడితో ఆగిపోకూడదని హెప్సీయే పూనుకుని ప్రభుకిరణ్ అనే మనిషిని వెదికి సంబంధం కుదిర్చింది. వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదివి వినిపిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే లేచి నిలబడాలి. రెండు ఆదివారాలు గడిచాయి, ఎవరూ లేవలేదు. మూడోది ఎల్లుండి. "నువ్వు సరేనంటేనే నేను సరేనంటా హెప్సీ" అని వదిన ఫోన్లో అన్న మాట ఈమెను నిద్రపోనివ్వలేదు. అన్నను మింగిన చోటును ఒక్కసారి కళ్లారా చూసి, ఆ తర్వాత నిశ్చింతగా సరే అనేద్దామనుకుంది. పక్షుల లెక్కింపుకి వచ్చే పడవలో తప్పనిసరిగా ఒక నర్సు ఉండాలన్న నియమం ఉండటంతో, ఆ పని అడిగి మరీ తీసుకుని వచ్చింది. ఎందుకు వచ్చిందో పడవలో ఎవరికీ చెప్పలేదు.

ఇక చేపల సంగతి. ఏ ఇంట్లోనైనా చేపల్ని చీల్చి, ఉప్పు పట్టించి, వరసగా తాడుకు కట్టి ఎండబెడతారు. హెప్సీ వాళ్లింట్లో మాత్రం జంటలు జంటలుగా, ఒకదాని మొహం ఒకదానికి ఎదురుగా ఉండేట్టు కట్టేవారు. ఒంటి చేప గవులు కంపు కొడుతుందని వాళ్ల నాయనమ్మ నమ్మకం. జత కుదరక ఒకటి మిగిలిపోతే దాన్ని ఎండబెట్టరు, ఆ పూటే పులుసు పెట్టేస్తారు. "చేపలకి కూడా పెళ్లిళ్లు చేస్తారమ్మా వీళ్లు" అని వీధి వీధంతా నవ్వేది. ఆ వీధికి రెండు సముద్రాల అవతల, కాపలా మనిషి తప్ప ఎవరూ ఉండని ఈ దీవిలో, ఈ తాడు మీద చేపలన్నీ జంటలుగా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

హెప్సీ ఒక చేపను ముట్టుకుంది. వేలికి తడి తగిలింది. ఉప్పు ఇంకా కరుగుతోంది, నిన్నో మొన్నో కట్టిన చేప.

చుట్టూ పొగమంచు పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా కదులుతోంది. పగలు పదింటికి కూడా పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. ఆ మంచులో నేల కనిపించనంతగా నీటికాకులు గూళ్ల మీద కూర్చుని ఉన్నాయి. అన్ని వేల ప్రాణులు ఒక్కచోట చేరి గోల చెయ్యకుండా ఉండటమే ఎబ్బెట్టుగా ఉంది. అప్పుడప్పుడూ ఏదో ఒకటి గొంతులో గురగురమంటుంది, మళ్లీ అంతా సద్దుమణుగుతుంది. పచ్చటి కళ్లు మాత్రం అన్నీ ఈమె వైపే తిరిగి ఉన్నాయి. రెట్ట వాసనకి ముక్కు మండిపోతోంది.

అప్పుడు ఆమె కళ్లకు బాట కనిపించింది. లైట్‌హౌస్ తలుపు దగ్గర మొదలై, గూళ్ల మధ్యనుంచి, సముద్రం వైపు రాళ్ల దాకా, మనిషి పట్టేంత వెడల్పున ఖాళీ నేల. పొద్దున పడవలో వైదేహి చెప్పిన మాట గుర్తొచ్చింది. వైదేహి ఈ పక్షుల పని చూసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి, లెక్కింపు బృందానికి నాయకురాలు. ఈ పక్షులు ఒకదాని ముక్కు ఒకదానికి అందనంత దూరం మాత్రమే వదిలి గూళ్లు పెట్టుకుంటాయట. మనుషులు రోజూ నడిచే చోట తప్ప అంగుళం జాగా కూడా మిగల్చవట. ఈ గుట్ట మీదికి ఎవరూ రారని, రెండేళ్ల కిందటి మరమ్మతు తర్వాత లైట్‌హౌస్ మూసేశారని కూడా వైదేహే చెప్పింది. మరి ఈ బాట మీద రోజూ నడుస్తున్నది ఎవరు?

"ఈడేం పని మా నీకు?"

వెనక్కి తిరిగి చూసేసరికి బుడేన్ సాహెబ్ నిలబడి ఉన్నాడు. దీవికి నాతూర్ ఆయనే, అంటే కాపలాదారు. కడప వైపు మనిషి, అరవై దాటిన వయసు. పడవ దిగే రేవు పక్కన రేకుల గదిలో ఒంటరిగా ఉంటాడు. పొద్దున అందరికీ పాలు లేని సులేమానీ చాయ్ కాచి ఇచ్చినప్పుడు ఎంత నవ్వు మొహంతో ఉన్నాడో, ఇప్పుడు అంత బిగుసుకుపోయి ఉన్నాడు. గుట్ట మీద జిన్నులుంటాయని, తాను కూడా అటువైపు పోనని ఆ చాయ్ దగ్గరే ఆయన అందరికీ చెప్పాడు.

ఈ చేపలు ఎవరు కట్టారని హెప్సీ అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఈమె మాట పూర్తికాకముందే తానే కట్టానన్నాడు. ఇలా జంటలుగా కట్టడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే తడబడ్డాడు. మరమ్మతు పనికి వచ్చిన కూలీల్లో కోస్తావాడొకడు ఉండేవాడని, వాడు చూపించాడని చెప్పాడు.

హెప్సీ రోజుకు ఎందరో రోగుల్ని చూసే మనిషి. మాత్ర మింగకుండానే మింగానని చెప్పేవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు.

"సాహెబ్ గారూ, ఆ కూలీల పడవ మునిగాక కదా మీరు ఈ దీవికి వచ్చింది. పొద్దున వైదేహి గారు చెప్పారు. పోయినవాడు మీకెలా చూపించాడండీ?"

పొగమంచు అవతల ఏదో పక్షి రెక్క విదిలించిన చప్పుడైంది. బుడేన్ సాహెబ్ నెత్తిమీద గుడ్డ తీసి మొహం తుడుచుకుని, లైట్‌హౌస్ మెట్టు మీద చతికిలబడ్డాడు.

"నువ్వెవరు బేటీ?"

"ఆ చేపలు కట్టినవాడి చెల్లెల్ని."

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకే చూశాడు. పోలికలు వెదుక్కుంటున్నాడని హెప్సీకి అర్థమైంది. తర్వాత ఆయన గొంతు బాగా తగ్గించి, తలుపు వైపు ఒక చూపు, మంచు వైపు ఒక చూపు చూస్తూ చెప్పుకొచ్చాడు. ఈ దీవికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం గుట్ట మీద మనిషి ఆకారం నడుస్తూ కనిపించిందట. మామూలుగా, మంచు లేని వేళ, మనిషి పొడ చూస్తే చాలు, ఈ పక్షులు వేలకు వేలు ఒక్కసారిగా లేస్తాయి. ఆ ఆకారం గూళ్ల మధ్యనుంచి నడుచుకుంటూ పోతుంటే ఒక్క పక్షి కూడా కదల్లేదట. అది జిన్నేనని ఆయన గట్టిగా నమ్మాడు. వచ్చిన దువాలన్నీ చదివాడు. దాన్ని మంచి చేసుకుందామని ఒక పళ్లెంలో అన్నం పెట్టి, తలుపు ముందు ఉంచి పరుగెత్తి వచ్చేశాడు.

"పొద్దున పోయి చూస్తే అన్నం ల్యా. పళ్లెం కడిగి బోర్లించి పెట్టిండాది" అన్నాడు ఆయన. "జిన్ను పళ్లెం కడగదు కదమ్మా."

హెప్సీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తిన్న పళ్లెం కడిగి బోర్లించకపోతే అమ్మ చేతిలో వీపు విమానం మోతే, చిన్నప్పుడు ఆ దెబ్బలు ఇద్దరూ కలిసే తిన్నారు. ఆమె తలుపు వైపు నడిచింది. పాతకాలపు టేకు తలుపు. ఇంగ్లీషువాళ్ల ఓడలు ఈ దారిన తిరిగిన రోజుల్లో పగడపు రాయితో కట్టిన గోపురం అది. ఇప్పుడు దీపం పని పక్కనున్న ఇనుప స్తంభం చూసుకుంటోంది. తలుపుకి బయటనుంచి తాళం వేసి ఉంది. పడవ వచ్చిన రోజున ఆ తాళం తానే వేస్తానని, పడవ పోగానే తీస్తానని, ఇది లోపలున్నవాడు పెట్టిన షరతేనని బుడేన్ సాహెబ్ వెనకనుంచి చెబుతూనే ఉన్నాడు. తాళం తీయమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

లోపల, పైనెక్కడో, ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడైంది. ఒక మెట్టు దిగడం, కాసేపు ఆగడం, మళ్లీ ఒక మెట్టు. తన చేత్తో మట్టి వేసిన మనిషి మెట్లు దిగి వస్తున్నాడు. రెండేళ్లు ప్రార్థనలో అడిగింది ఇదే కదా, అయినా ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"అన్నయ్యా" అంది.

చప్పుడు ఆగిపోయింది. తలుపు పక్కన, నేలకు కొంచెం ఎత్తులో, గాలికోసం వదిలిన చిన్న కంత ఉంది. దాని ఇనుప కమ్మీలు తుప్పుపట్టి విరిగిపోయాయి. మాట ఆ చీకట్లోంచి వచ్చింది.

"ఇక్కడికెందుకొచ్చావే హెప్సీ?"

గొంతు రత్నబాబుదే. కానీ ఆ గొంతులో ఎత్తుపల్లాలు లేవు. ఎన్నాళ్లుగానో వాడని తలుపు తీసినప్పటి కిరకిర మాత్రం ఉంది. హెప్సీ మోకాళ్ల మీద కూలబడి కంతలోకి చూసింది. ఏమీ కనబడలేదు. మొహం చూపించమని అడిగింది, బతిమాలింది. అతను ఒప్పుకోలేదు. చివరికి చెయ్యి మాత్రం బయటపెట్టాడు. మణికట్టు దాకా పక్షుల ముక్కులు పొడిచిన మచ్చలు, పాతవీ కొత్తవీ. గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది మంచులో తడిసిన రాయిలా చల్లగా ఉంది.

ఒక్క క్షణం ఆమెకు అనకూడని భయం వేసింది. నర్సు చెయ్యి కదా, వేళ్లు వాటంతట అవే మణికట్టు కింద నాడి వెదుక్కుంటూ వెళ్లాయి. మొదట ఏమీ తగల్లేదు. ఊపిరి బిగబట్టి ఇంకాస్త నొక్కింది. అప్పుడు దొరికింది, నెమ్మదిగా, నీరసంగా, కానీ తప్పకుండా కొట్టుకుంటోంది. హెప్సీ ఆ చేతికి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత సంతోషం తన జన్మలో ఎరగదు, ఇంత భయమూ ఎరగదు.

ఆ తర్వాత మాటలు తొందర తొందరగా నడిచాయి. పడవ మునిగినప్పుడు అలలు తనను తిరిగి ఈ దీవికే తెచ్చి పడేశాయని అతను చెప్పాడు. కూలీలు వదిలిపోయిన నీళ్లతోనూ బియ్యంతోనూ మొదటి నెలలు నెట్టుకొచ్చాడట. వెదకడానికి వచ్చినవాళ్లు సముద్రాన్ని వెదికారు గానీ గుట్ట ఎక్కలేదు. అప్పుడు తనకు కాలు విరిగి, జ్వరంతో ఒళ్లు తెలియలేదట. సాహెబ్ వచ్చే నాటికి కాలు నేలమీద ఆనిందట. అమ్మ ఎలా ఉందని అడిగాడు.

"ఉంది. వారం వారం వెళ్లి నీ సమాధి మీద గడ్డి పీకొస్తోంది" అంది హెప్సీ.

ఆమె చేతిలో అతని వేళ్లు ముడుచుకున్నాయి. అయినా ఆమె ఆపలేదు, ఆగే వ్యవధి లేదు. ఎల్లుండి ఆదివారం చర్చిలో వదిన పెళ్లి ప్రకటన మూడోసారి చదువుతారని, ఇప్పుడు బయటికొస్తే ఆపవచ్చని, ఒక్క ఫోను చాలని చెప్పింది.

"ఆపొద్దు" అన్నాడు రత్నబాబు.

"ఏం మాట్లాడుతున్నావు అన్నయ్యా? నువ్వు బతికుండగా అది పెళ్లెలా అవుద్ది? దేవుడి ముందు అంతమందిమి అబద్ధం ఆడినట్టు కాదూ?"

"నేను బతికున్నానని ఎవరన్నారే? కాగితం ఇచ్చారుగా. అలాగే కానీ. ఎవరికీ చెప్పమాక."

పోనీ ఇన్నాళ్లలో ఇంటికి ఒక్క ఫోనైనా చెయ్యలేదేమని ఆమె నిలదీసింది. సాహెబ్ ఫోను ఉంది కదా. ఒక్కసారి చేశానన్నాడు. ఎప్పుడు, ఎవరు ఎత్తారు, ఏం మాట్లాడావని ఈమె ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే, చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

బుడేన్ సాహెబ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. మంచులోంచి బూట్ల చప్పుడు వస్తోంది. హెప్సీ ఒంటిమీది కోటును కంతకు అడ్డంగా జరుపుకుని, చెయ్యి కనబడకుండా ఒళ్లో దాచుకుంది.

వైదేహి వచ్చి నిలబడింది. మెడలో దుర్భిణి, చేతిలో రేడియో సెట్టు. మంచు పలచబడుతోందని, కెప్టెన్ యల్లా యల్లా అంటూ తొందరపెడుతున్నాడని చెప్పబోయి, హెప్సీ తడి కళ్లు చూసి ఆగిపోయింది. దీవి మీద అనుమతి లేని మనిషి కనబడితే అదే నిమిషంలో రేడియోలో కోస్ట్‌గార్డ్‌కి చెప్పాలని పొద్దున అందరికీ పాఠం చెప్పింది ఈవిడే. చెడ్డమనిషి కాదు, పని విషయంలో మాత్రం వెంట్రుకవాసి తేడా రానివ్వదు.

"ఎవరితో మాట్లాడుతున్నారు హెప్సీ గారూ? మగ గొంతు కూడా వినిపించింది."

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో అన్న వెలుతురులోకి వస్తాడు, అమ్మ ఆ సమాధి ముఖం చూడక్కర్లేదు, ఎల్లుండి చర్చిలో తప్పు జరగదు. ఆ ఒక్క మాటతోనే ఈ ముసలాయన రేపటినుంచి పోలీసుల చేతుల్లో ఉంటాడు. మొదటిసారి మొగుడి కోసం ఏడ్చి ఏడ్చి ఇప్పుడిప్పుడే జడలో పూలు పెట్టుకుంటున్న మరియ మళ్లీ నడివీధిలో నిలబడుతుంది. పైగా బయటపడనని బతిమాలుతున్నది చేతిలో ఉన్న ఈ చెయ్యే. బుడేన్ సాహెబ్ కళ్లు నేలనుంచి లేవడం లేదు. హెప్సీ చేతిలోని నాడి మాత్రం వేగం అందుకుంది.

"ఎవరూ లేరండీ" అంది హెప్సీ. "నేనే పైకి ప్రార్థన చేసుకుంటున్నా. సాహెబ్ గారు పక్కనే ఉండి ఏదో అన్నారు."

వైదేహి ఆమె వైపు, ముసలాయన వైపు ఒక చూపు చూసింది. సందేహం ఉన్నా ప్రార్థన అన్న మాట దగ్గర మొహమాటపడింది. త్వరగా రమ్మని చెప్పి, నీళ్ల డబ్బాల గురించి ఏదో అడుగుతూ బుడేన్ సాహెబ్‌ని వెంటబెట్టుకుని నాలుగడుగులు అవతలికి వెళ్లింది. దేవుడి పేరు చెప్పి ఇంత అబద్ధం ఆడగలనని హెప్సీ ఎన్నడూ అనుకోలేదు. అన్న బతికుండాలని రెండేళ్లు ప్రార్థించి, తన నోటితోనే అతను లేడని చెప్పింది.

ఒళ్లో ఉన్న చెయ్యి పట్టు సడలించింది. కంతలోంచి రత్నబాబు మాట ఊపిరంత సన్నగా వచ్చింది. కోపం లేదు అందులో, కోపమే ఉండి ఉంటే బాగుండేది.

"నేను ఫోన్ చేసిన రోజు మరియే ఎత్తింది. నా పేరు చెప్పా. బతికే ఉన్నా, వచ్చి తీసుకెళ్లమని చెప్పా. అంతా విన్నది. పక్కన నీ గొంతు వినపడింది. ఎవరొదినా అని అడిగావు. గుర్తుందా?"

గుర్తుంది. పోయినేడు సెలవుకి వెళ్లినప్పటి మాట. అరుగు మీద ఇద్దరూ కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. మరియ ఫోన్ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పెదవి మెదపకుండా చాలాసేపు వింటూ ఉండిపోయింది. చేతులు మాత్రం రొయ్యలు ఒలుస్తూనే ఉన్నాయి. ఎవరొదినా అని హెప్సీ అడిగింది. మరియ ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకునేలోపే రత్నబాబే చెప్పాడు.

"అది కూడా నీకు ఇదే చెప్పింది. ఎవరూ లేరని."